జతకం

మెదడువాపు జ్వరం తగ్గి స్పృహలోకి వచ్చిన చెంచులక్ష్మి, మంచం పక్కన కూర్చున్న మొగుణ్ణి తేరిపార చూసి, "మా బావ యాడికి పోయినాడు?" అని అడిగింది.

జ్వరం మత్తు అనుకున్నాడు ఓబులేసు. తడిగుడ్డతో నుదురు తుడవబోతే ఆమె మొహం తిప్పేసుకుంది. అవతలి పక్క నిలబడి ఉన్న తల్లి చెయ్యి పట్టుకుని, "అమ్మా, ఈయప్ప ఎవరు? అచ్చం బావ మాదిరే ఉండాడు," అంది.

మత్తు దిగింది. ఆ మాట మాత్రం దిగలేదు.

చెంచులక్ష్మి నంద్యాలలో జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెబుతుంది. ఆసుపత్రి నుంచి వచ్చిన కొన్నాళ్ళకే మళ్ళీ పాఠాలు మొదలుపెట్టింది. ఒక్క సూత్రం మరిచిపోలేదు, ఒక్క పిల్ల పేరు తడబడలేదు. తల్లిని గుర్తుపట్టింది, పాలు పోసే ఆమెను గుర్తుపట్టింది. మొగుడి దగ్గరికి వచ్చేసరికి మాత్రం, "మొహం అదే, గొంతు అదే, కనుబొమ్మ మీద గాటు కూడా అదే. మనిషే వేరు," అనేది.

డాక్టరు ఓబులేసును పక్కకు పిలిచి విడమరిచి చెప్పాడు. మనిషిని చూసి ఫలానా అని గుర్తుపట్టడం ఒకటి. మనవాడు అని ఒళ్ళు నెమ్మదించడం ఇంకొకటి. మెదడులో ఈ రెంటికీ దారులు వేరు. ఆమెకు రెండోది తెగిపోయింది. మొగుడి మొహం కనబడగానే రావలసిన ఊరట రావడం లేదు. రాకపోయేసరికి మెదడు తనకు తోచిన కారణం వెతుక్కుని, వీడెవడో వేషగాడు అని తీర్మానించుకుంది. ఎవరు ఎంత దగ్గరైతే అంత ఎక్కువగా తెలుస్తుంది ఆ లోటు. "వాదించొద్దు. వాదిస్తే భయం ముదురుతుంది," అన్నాడు.

వాదించకుండా ఎలా ఉంటాడు? ఇద్దరూ ఆళ్ళగడ్డలో ఒకే వీధిలో పెరిగినవాళ్ళు. చెంచులక్ష్మి తల్లి తిరుపాలమ్మ ఓబులేసుకు సొంత మేనత్త. ఒకరోజు చెంచులక్ష్మే మౌఖిక పరీక్ష పెట్టినట్టు అడిగింది.

"నా పదో తరగతి హాల్‌టికెట్టు యాడ పోగొట్టుకున్నా?"

"అహోబిలం బస్సులో. నేను సైకిలు మీద పోయి డిపోలో ఎతికి తెచ్చిచ్చినా."

ఆమె మొహం పాలిపోయింది. "ఇది గూడా నేర్చుకోనొచ్చినారు," అంటూ లోపలికి పోయి గడియ పెట్టుకుంది. తప్పు చెప్పి ఉంటే కొంచెం కుదుటపడేదేమో. సరైన జవాబు చెప్పిన ప్రతిసారీ ఆమె ఇంకాస్త దూరం జరిగేది. ఓబులేసు పడక వసారాలోకి మారింది. ఆమె అతన్ని సార్ అని పిలిచేది. అన్నం పెట్టేది, పళ్ళెం దూరంగా ఉంచి.

"నక్క వినయాలు పోతాండావురా నాయనా, దాని ఎదురుగా," అంది తిరుపాలమ్మ ఒకనాడు. "అంత అణిగిమణిగి ఉంటే ఎవరికైనా అనుమానమే వస్తాది."

ఆ మాటకు అంత దుఃఖంలోనూ ఓబులేసుకు నవ్వొచ్చింది. అతని బతుకంతా నక్కలతోనే మరి.

ఊరికి అవతల రోళ్ళమిట్ట గడ్డిభూముల్లో చిన్న వన్యప్రాణి పరిశోధన కేంద్రం ఉంది. ఓబులేసు అక్కడ నక్కల మీద పనిచేస్తాడు. కథల్లో నక్కకు జిత్తులమారి అన్న పేరే గానీ, అది ఎంత సంసారపక్షపు జంతువో చాలామందికి తెలియదు. ఒకసారి జతకట్టిందంటే మగా ఆడా కలిసే తిరుగుతాయి, కలిసే వేటాడతాయి. ఆడది పిల్లలతో బొరియలో ఉంటే మగది తిన్నది కక్కి పెడుతుంది. ఒకటి కూస్తే రెండోది అందుకుంటుంది. రెండింటిలో ఒకటి పోతే మిగిలినది మళ్ళీ జత చూసుకోవడానికి ఏళ్ళు పట్టవచ్చు. ఎందుకు? ఏ బంధం వాటిని అలా కట్టి ఉంచుతుంది? ఈ ప్రశ్న పట్టుకుని కర్నూలు నుంచి వచ్చిన డాక్టర్ గౌసియా ఆ కేంద్రాన్ని నడుపుతోంది. ఓబులేసు కంటే కొంచెం పెద్దది. ఆమెకు ప్రశ్న దొరికితే ఆకలి ఉండదు.

జతకట్టిన నక్కల ముక్కులోపలి పొరలో ఆమె ఒక పదార్థాన్ని కనిపెట్టింది. ఒంటరి నక్కల్లో అది లేదు. జత కుదిరే రోజుల్లో అది ఊరుతుంది. ఊరినంతసేపు ఏ జీవి వాసన పక్కనుంటే ఆ వాసన ఒంట్లో ముద్రపడిపోతుంది. ఇక ఆ తర్వాత ఆ జీవి దగ్గరికి వస్తే చాలు, గుండె నెమ్మదిస్తుంది. గౌసియా దానికి జతకం అని పేరు పెట్టింది. "జాతకం కాదు, దీర్ఘం లేదు," అని కొత్తవాళ్ళకు చెబుతుండేది. "జాతకాలు కలిసినా కలవకపోయినా, ఇది కలిస్తే చాలు."

ఆ కేంద్రంలో పైర్ల పేర్లు పెట్టిన నక్కల జత ఒకటి ఉండేది. ఆడది కొర్ర, మగది సజ్జ. ఊరకుక్కల నుంచి అంటిన రోగంతో కొర్ర చావుదాకా పోయి బతికింది. బతికాక దాని తీరు మారిపోయింది. దూరం నుంచి సజ్జ కూస్తే మెడ సాచి బదులు కూసేది. ఆ కూత విని సజ్జ పరుగెత్తుకుని వస్తే, పళ్ళు బయటపెట్టి మీదికి ఉరికేది. మెడపట్టీలోని పరికరం కొర్ర గుండె కొట్టుకోవడాన్ని తెర మీద గీతలా చూపించేది. కూత వినగానే గీత దిగేది. సజ్జ కంచె దాటి ఎదురుగా రాగానే నిట్టనిలువుగా లేచేది.

తెర ముందు కూర్చుని ఆ గీతను చూసిన రోజున ఓబులేసు లేచి బయటికి వెళ్ళిపోయాడు. అత్తతో ఏదో చెప్పాలని ఇంటికి ఫోన్ చేశాడు. "అత్తా," అన్నాడు. ఎత్తింది చెంచులక్ష్మి.

"బావా, యాడుండావు? ఇన్ని దినాలు ఒక్క ఫోనూ లేదు. నాకు జ్వరమొచ్చి చావు తప్పింది, నీకేమైనా పట్టిందా?"

అదే చెంచు. పూర్వపు కోపం, పూర్వపు చనువు. చెవికి తెగని దారి కంటికి తెగిందన్న మాట.

"చెంచూ, ఇంట్లో ఉండేది నేనేనే."

"ఆయప్ప నిన్ను బెదిరిస్తాండాడా? అట్ల చెప్పమన్నాడా?"

ఆమె వణుకు ఫోన్‌లోనే తెలిసింది. డాక్టరు మాట గుర్తొచ్చి అతను వెనక్కి తగ్గాడు. "లేదులే. ఊరికే అన్నా," అన్నాడు. బావ నల్లమలలో నక్కల పని మీద ఉన్నాడని, ఇప్పట్లో రాలేడని ఆమే అనుకుంది. అతను కాదనలేదు, ఔననలేదు.

అలా మొదలైంది ఆ వింత కాపురం. మధ్యాహ్నం అన్నం వేళకు ఆమె కాలేజీ మెట్ల మీద కూర్చుని ఫోన్ చేసేది. అతను గడ్డిలో బండ మీద కూర్చుని మాట్లాడేవాడు. ఆమె నవ్వేది, అలిగేది, చిన్నప్పటి సంగతులు తవ్వేది. ఇంట్లో ఉన్న ఆ మనిషి గురించి చాడీలూ చెప్పేది. "మంచోడే బావా, పల్లెత్తు మాట అనడు. ఊరిబిండి పచ్చడి బాగా నూరుతాడు. కానీ ఆయప్ప వాకిట్లో కాలుపెడితే చాలు, నా గుండె దడదడలాడతాది. అరచేతులు చెమటలు పడతాయి." సాయంత్రం వాకిట్లో కాలుపెట్టే ముందు ఓబులేసు ఫోన్ కట్టేసి బండి డిక్కీలో దాచేవాడు.

"ఫోన్‌లో మొగుడివి, ఇంట్లో బాడుగ మనిషివి," అంది తిరుపాలమ్మ. "ఎన్నాళ్ళురా ఇట్ల?"

గౌసియా కొర్రకు జతకం చుక్కలు వేయాలని నిశ్చయించింది. తెగిన దారిని అతకలేం, కొత్త దారి పడుతుందేమో చూద్దాం అంది. చుక్కలు వేయవలసింది ఓబులేసే. కొర్ర ముక్కులో వేసి, దాని కట్లు విప్పి, ఒక్క క్షణం ఆగకుండా బయటికి పరుగెత్తాడు. తన వాసన ముద్రపడితే అది జీవితాంతం తన వెంట పడుతుంది. ఆవరణలో సజ్జ ఒక్కటే మిగిలింది.

ఆ పూట కేంద్రంలో ఎవరూ కాఫీలు కూడా తాగలేదు. తెర మీద గీత కొండలా లేచి, తర్వాత మెల్లగా, దిబ్బ దిగే మేకలా దిగింది. ఎండ వాలేసరికి కొర్ర, సజ్జ ఒకే నీడలో పడుకుని ఉన్నాయి. గౌసియా కళ్ళద్దాలు తీసి తుడుచుకుంది. ఓబులేసు గోడకు ఆనుకుని కూర్చుండిపోయాడు.

తర్వాతి వారాల్లో అతనికి ఒక సంగతి కనిపించింది. పాతజత నక్కలు కలిసినప్పుడు పెద్ద ఆర్భాటం ఉండదు, మూతి తాకించుకుని పనిలో పడతాయి. కొర్ర అలా చేయలేదు. సజ్జ పక్కన కొలిచినట్టు అడుగులో అడుగు వేసి నడిచింది. సజ్జ వాసన గుర్తు పెట్టిన ప్రతి పొద దగ్గరా తన గుర్తు పెట్టింది. అవి కొత్తగా జతకట్టే నక్కల పద్ధతులు.

"మేడం, ఇది వాణ్ణి మల్ల గుర్తుపట్టలేదు. ఈ దినమే కొత్తగా చూసినట్టుండాది," అన్నాడు.

గౌసియాకు కుతూహలం పుట్టింది. సజ్జ పాత కూతను రికార్డులోంచి తీసి, దూరంగా గుట్ట మీద స్పీకరు పెట్టించి వినిపించింది. సజ్జ కొర్ర పక్కనే పడుకుని ఉంది. కూత వినగానే కొర్ర లేచింది. కంచెదాకా పరుగెత్తి మెడ సాచి బదులు కూసింది. వెనక్కి తిరిగి సజ్జను చూసింది. దాని దగ్గరికి వచ్చింది. మళ్ళీ కంచె దగ్గరికి పోయింది. అలా నురగలు కక్కేదాకా అటూ ఇటూ తిరిగింది.

"ఆపండి మేడం," అన్నాడు ఓబులేసు.

గౌసియా ఆపింది. కంచె వైపు చూస్తూ, "దానికి ఇప్పుడు ఇద్దరు," అంది మెల్లగా.

మనుషుల మీద పరీక్షకు అనుమతి వచ్చేసరికి ఇంకో ఏడాది పట్టింది. మెదడు జ్వరాల తర్వాత అయినవాళ్ళు పరాయివాళ్ళుగా కనబడే రోగులు రాష్ట్రంలో పట్టుమని పదిమంది లేరు. అందులో చెంచులక్ష్మి ఒకతె. మొగుడి సంతకం చెల్లదు. ఆమె తెలివి చెక్కుచెదరలేదు కాబట్టి ఒప్పుకోవలసింది ఆమే.

గౌసియా ఇంటికి వచ్చి, ఏదీ దాచకుండా వివరించింది. ఆ పూటంతా పక్కన ఎవరుంటే వాళ్ళ మీదే ఊరట ముద్రపడుతుందని చెప్పింది. కొర్ర కంచెకూ సజ్జకూ మధ్య తిరిగిన సంగతి ఓబులేసే చెప్పాడు. చెంచులక్ష్మి పాఠం వింటున్నట్టు విని, "మా బావ వచ్చినాక ఆయన పక్కనుంటే వేసుకుంటా," అంది. ఆ మాటలో తప్పు పట్టడానికి ఎవరికీ ఏమీ దొరకలేదు.

మరునాడు మధ్యాహ్నం ఫోన్ వచ్చింది. ఆమె అంతా చెప్పి, "నువ్వేమంటావు బావా?" అని అడిగింది.

ఒక్క మాట. వేసుకో చెంచూ, ఆ మనిషినే పక్కన కూర్చోబెట్టుకో, నేను చెప్తాండా కదా అంటే చాలు. ఆమె బావ మాట జవదాటదు. గౌసియా ముందే హెచ్చరించింది, ఫోన్‌లో మీరు ఒప్పించారంటే అది ఒప్పుదల కాదు, మోసం అని. ఓబులేసు ఎదురుగా ఊగుతున్న గడ్డి వైపు చూశాడు.

"అది నీ ఒళ్ళు, నీ ఇష్టం. నేను చెప్పను," అన్నాడు.

"ఎప్పుడూ ఇంతే నువ్వు. గట్టిగా ఒక్కటీ చెప్పవు," అని విసుక్కుని పెట్టేసింది.

వారం తర్వాత ఆమే వసారాలోకి వచ్చి, దూరంగా నిలబడి చెప్పింది. "సార్, మీరు మంచోళ్ళని నా బుద్ధికి తెలుసు. ఒళ్ళు వినడం లేదు. నా ఇంట్లో నేనే దొంగ మాదిరి బతుకుతాండా. బావ ఎప్పుడొస్తాడో ఏమో. ఆ నక్కకు భయం పోయిందా లేదా?"

"పోయింది."

"అంతే చాలు. భయం పోతే చాలు. ఇంకేమీ నాకొద్దు."

ఆసుపత్రిలో ఒక గది ఖాళీ చేయించారు. చుక్కలు వేసిన నర్సు వెంటనే బయటికి పోయింది. తిరుపాలమ్మను కూడా రానివ్వలేదు. గదిలో ఇద్దరే. మణికట్టుకు కట్టిన పట్టీలో గుండె వేగం చూపే అంకె చూస్తే చెంచులక్ష్మి పరుగుపందెంలో ఉన్నట్టుంది. అంత భయంలోనూ ఆమె పరీక్ష పేపర్లు దిద్దుతూ కూర్చుంది. ఓబులేసు కిటికీ పక్కన ఉడకబెట్టిన శనక్కాయలు ఒలుస్తున్నాడు. ఒలిచినవి గిన్నెలో వేసి ఆమె వైపు జరిపాడు. ఆమె ముట్టలేదు.

చాలాసేపటికి, చూపు పేపరు మీదే ఉంచి, ఒకటి తీసుకుని నోట్లో వేసుకుంది. తర్వాత ఇంకొకటి. అంకె దిగుతోంది. ఆమె కూడా అది గమనించింది. ఎర్రపెన్ను పక్కన పెట్టి, తన మణికట్టునే ఒక ప్రయోగంలా చూసుకుంది. "కుర్చీ కొంచెం ఇటు జరపండి," అంది. అతను జరిపాడు. అంకె ఇంకా దిగింది. "దూరం పోండి." పోయాడు. అంకె లేచింది. ఆమెకు నవ్వొచ్చింది. "విచిత్రంగా ఉండాదే," అంది. ఇంకాసేపటికి పేపర్ల మీద తలవాల్చి నిద్రపోయింది. జ్వరం తర్వాత అతని ఎదుట ఆమెకు కునుకు పట్టడం అదే మొదలు.

ఆ తర్వాతి రోజులు ఓబులేసుకు పెళ్ళయిన కొత్తల్లో కూడా లేనంత తీపిగా గడిచాయి. చిన్నప్పటి నుంచి కలిసి పెరిగినవాళ్ళకు పెళ్ళిలో కొత్త ఏముంటుంది? ఇప్పుడు ఉంది. సార్ పోయి ఏమండీ వచ్చింది. చెంచులక్ష్మి నోట ఆ పిలుపు అతను ఎన్నడూ వినలేదు. అతను స్నానం చేసి వస్తే తువ్వాలు అందించి చప్పున చూపు తిప్పుకునేది. సాయంత్రం నడకకు పోతే అతని అడుగుకు తన అడుగు కలిపేది. కలిసిందని తెలిసి సిగ్గుపడేది. ఆ అడుగులు చూసినప్పుడల్లా ఓబులేసుకు కొర్ర గుర్తొచ్చి లోపల ఎక్కడో కలుక్కుమనేది. దాన్ని పక్కకు నెట్టేసేవాడు.

మధ్యాహ్నం ఫోన్లు తగ్గాయి. చేసినా ఆమె పొడిపొడిగా మాట్లాడి పెట్టేసేది. ఒకరోజు మాత్రం, "బావా, నువ్వు తొందరగా రా," అని ఏడ్చింది. ఎందుకని అడిగితే చెప్పలేదు.

సుఖంలో మనిషికి జాగ్రత్త తగ్గుతుంది. ఫోన్‌ను డిక్కీలో పెట్టడం ఓబులేసు ఎప్పుడు మానేశాడో అతనికే తెలియదు.

ఒక ఆదివారం తిరుపాలమ్మ సంతకు పోయింది. చెంచులక్ష్మి సంగటి ముద్దలు పళ్ళేలలో పెట్టి అతనికి ఎదురుగా కూర్చుంది. చెయ్యి కడుక్కోలేదు.

"ఒక పని చేయాలండీ మనం. బావకు చెప్పాల."

"ఏమని?"

"ఉండేది ఉన్నట్టు. దొంగతనంగా బతకడం నాకు చేతకాదు. ఒక్కదాన్నే చెప్పాలంటే నోరు రాలేదు. మీరు పక్కనుంటే చెప్తా. ఆయన కోప్పడితే మీరు మాట్లాడండి."

అతను ఆగమనేలోపే ఆమె నంబరు నొక్కేసింది. అతని చొక్కా జేబులో ఫోన్ మోగింది.

ఆమె జేబు వైపు చూసింది. తన ఫోన్ కట్ చేసింది. జేబులో మోత ఆగింది. మళ్ళీ నొక్కింది, మళ్ళీ మోగింది. మూడోసారి కూడా చేసి చూసింది. క్లాసులో ఒకటికి రెండుసార్లు ప్రయోగం చేసి చూపించే మనిషి కదా.

"ఎత్తండి," అంది.

అతను ఎత్తాడు. "చెప్పు చెంచూ," అన్నాడు.

ఒక చెవిలో బావ, ఎదురుగా ఈ మనిషి. ఆమె ఫోన్‌ను నెమ్మదిగా కింద పెట్టింది. ఆమె ఆలోచిస్తోంది. ఆ మొహం ఓబులేసుకు బాగా తెలుసు. తెగని లెక్క ముందు చాక్‌పీసు పట్టుకుని నిలబడినప్పుడు అలాగే ఉంటుంది. ఇప్పుడైనా కలుస్తాయి అనుకున్నాడు. చెవి దారి ఉంది, ఒంటికి కొత్త ఊరట ఉంది. రెండూ ఒకే మనిషి దగ్గరికి వచ్చి చేరాయి. ఇంకేం కావాలి?

"ఎప్పటి నుంచి?" అంది.

"మొదట్నుంచి. ప్రతిసారీ నేనే. అప్పుడూ నేనే, ఇప్పుడూ నేనే చెంచూ."

"ఒక్కసారి గూడా ఆయన మాట్లాడలేదా?"

"మాట్లాడిందంతా నేనే."

ఆమె కళ్ళు నిండాయి. లెక్క తెగింది. జవాబు మాత్రం అతను కోరుకున్నది కాదు.

"అయితే మా బావ లేడు," అంది. "పోయినాడని నాకు చెప్పలేక, ఇన్ని దినాలు ఆయన మాదిరి మాట్లాడినారు. నేను తట్టుకోలేనని."

"లేదు చెంచూ. నేను బతికే ఉండా. ఇదిగో, నీ ఎదురుగా."

ఆమె అతని చెయ్యి పట్టుకుని ఓదార్పుగా నిమిరింది. "మీరు బతికే ఉండారు. నాకు తెలుసు," అంది. అని, అతని భుజం మీద తలపెట్టి బావ కోసం గుండె పగిలేలా ఏడ్చింది. ఓబులేసు ఆమెను పొదివి పట్టుకున్నాడు. పరీక్ష కోసం ఇంకా తీయని ఆమె మణికట్టు పట్టీ అతని కళ్ళ ముందే ఉంది. ఏడుస్తున్నకొద్దీ అంకె లేవవలసింది పోయి, నెమ్మదిగా దిగుతూ వచ్చింది.

చెంచులక్ష్మి తాళి తీసి డబ్బాలో పెట్టింది. సంత నుంచి వచ్చిన తిరుపాలమ్మ అది చూసి గుండెలు బాదుకుంది. "వాడు కండ్ల ముందర నిక్షేపంగా ఉండంగ, ఎవురి కోసరమే ఈ పని?" అని అరిచింది. కూతురు తల్లిని జాలిగా చూసి, "నీకెవరూ చెప్పలేదమ్మా," అంది. ఆ తర్వాత చాలా రోజులు తల్లీకూతుళ్ళకు మాటల్లేవు. ఓబులేసు మాత్రం ఆమె దుఃఖానికి అడ్డం పోలేదు. సొంత భార్య తన కోసం ఏడుస్తుంటే మంచినీళ్ళు అందించిన మొగుడు లోకంలో ఇంకెవరైనా ఉన్నారో లేదో.

కేంద్రంలో గౌసియా అంతా విని కాగితం ముందు పెట్టుకుంది. "భయం పోయింది. నిద్ర పడుతోంది. కాగితం మీద ఇది విజయమే," అంది. "ఫలితం దగ్గర ఏమని రాయమంటారు ఓబులేసూ?"

"జరిగింది జరిగినట్టు రాయండి మేడం. భయం పోయిందని రాయండి. మొగుడు కూడా పోయినాడని రాయండి."

ఆమె అలాగే రాసింది. మిగిలిన రోగుల ఇళ్ళకు తానే వెళ్ళి ఆ కాగితం చదివి వినిపించింది. ఇద్దరు వద్దన్నారు. ఒక పెద్దాయన మాత్రం, కొత్తవాడిగానైనా సరే, నా భార్య పక్కన కూర్చోనిస్తే చాలు అన్నాడట. ఆ మాట చెప్పి గౌసియా కాగితం మడిచింది. "మనం కనిపెట్టింది మందో, ఇంకోటో నాకే తెలియడం లేదు," అంది.

వానలు వెనకపట్టాక ఒక సాయంత్రం చెంచులక్ష్మి మిద్దె మీద ఆరేసిన మిరపకాయలు ఎత్తుతోంది. ఓబులేసు గోనెసంచి పట్టుకుని నిలబడ్డాడు. ఆమె మొహం తేటపడింది. కొన్నాళ్ళుగా ఆమె బావ మాట ఎత్తితే ఏడుపు లేకుండానే ఎత్తుతోంది. సంచి మూతి కట్టి, పిట్టగోడ మీద కూర్చుని అతన్ని కూడా కూర్చోమంది.

"మీ గురించి నాకేమీ తెలియదు," అంది. "నా సంగతులన్నీ ఫోన్‌లో వినినారు. మీవి ఒక్కటీ చెప్పలేదు. మీ చిన్నప్పటివి చెప్పండి."

అతని చిన్నతనమంతా ఆళ్ళగడ్డ వీధిలోనే ఉంది. ఏ సంగతి తీసినా అందులో జడలు వేసుకున్న చెంచు ఉంది. ఆమెను ఎత్తుకుని తిరిగిన తిరునాళ్ళు, ఆమెకు నేర్పిన సైకిలు, ఆమె కోసం తిన్న దెబ్బలు. అవన్నీ ఇప్పుడు చనిపోయినవాడివి. ఒక్కటి ముట్టుకున్నా దొంగ అవుతాడు. ఆమె ఎదురుచూస్తోంది. అతను వెతుక్కుంటూ వెనక్కి, ఇంకా వెనక్కి పోయాడు. ఆమె లేని చోటు ఒకటి ఉండాలి. ఆమెకు ఎన్నడూ చెప్పనిది ఒకటైనా ఉండాలి.

దొరికింది. దొరికినందుకు అతనికే ఆశ్చర్యమేసింది.

"నాకు చిన్నప్పుడు నక్కలంటే చచ్చేంత భయం," అన్నాడు.

"మీకా?"

"నాకే. పొద్దుగూకి చేలల్లో నక్క కూస్తే చెడ్డీ తడిసిపోయేది. బడికి పోయేంత ఎదిగినాక గూడా. మా నాయనకు తెలిస్తే నవ్వుతాడని ఆ చెడ్డీ గడ్డివామి కింద దాచిపెట్టేవాణ్ణి. ఒకసారి అక్కణ్ణుంచి మూడు బయటపడినాయి. మా ఇంట్లోవాళ్ళు ఎలుకలు ఎత్తుకుపోయినాయి అనుకున్నారు."

చెంచులక్ష్మి చేతిని నోటికి అడ్డం పెట్టుకుంది. భుజాలు కదులుతున్నాయి. "మా బావకు నక్కలంటే ప్రాణం," అంది. "చిన్నప్పటి నుంచీ భయమే లేదంట ఆయనకు. నాతో ఎన్నిసార్లు గొప్పలు చెప్పుకున్నాడో."

"చెప్పుకోనుంటాడు."

"మరి భయమున్నోళ్ళు ఈ పనిలోకి ఎట్ల వచ్చినారు?"

ఎవరూ అడగని ప్రశ్న అది. తనను తాను కూడా ఎన్నడూ ప్రశ్నించుకోలేదు. ఓబులేసు ఆలోచించాడు. "అది అట్ల ఎందుకు కూస్తాదో తెలిస్తే భయం పోతాదేమో అనుకున్నా," అన్నాడు.

"పోయిందా?"

"తెలిసింది గాని, అంతా పోలేదు."

ఆమె పగలబడి నవ్వింది. నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుంది. తర్వాత పిట్టగోడ మీద ఇంకొంచెం దగ్గరికి జరిగి, కొంగు సర్దుకుని, "ఇంకోటి చెప్పండి," అంది.